రాని ట్రాముకు పోసిన ముగ్గు

పట్టణ ప్రణాళిక విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈమధ్య కోదాడలో మా ఇంటికి వచ్చారు. ఏ రూల్సు ముందు చదవాలి మేడం అని అడిగారు. రూల్సు మీరు ఎలాగూ చదువుతారు, చదవకపోతే పైవాళ్ళు చదివిస్తారు. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. వాళ్ళు టీ తాగి లేచేలోపు అది చెప్పడం కుదరలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట. నా ఉద్యోగమంతా ఈ మూడు ఊళ్ళ మధ్యే తిరిగింది. మేమంటే ఇల్లు కట్టుకుంటుంటే వచ్చి ఆపేవాళ్ళమని జనం అనుకుంటారు. అది కొంత నిజమే, కాదనను. కానీ అసలు పని అది కాదు. ఉన్న ఊళ్ళో నడుస్తూ, ఇంకా రాని ఊరిని చూడగలగడం మా పని. తుమ్మచెట్లున్న చోట రోడ్డు కనపడాలి, లారీలు బురదలో దిగబడే చోట పార్కు కనపడాలి. పగటి కలలు కంటే నెలనెలా జీతమిచ్చే ఉద్యోగం ఇంకొకటి నాకు తెలియదు. అయితే మన కల ఎవరి పొయ్యి మీదుగా పోతుందో కూడా మనమే చూసుకోవాలి. కష్టమంతా అందులోనే ఉంది.

లతీఫ్ సారు పద్ధతి

నా మొదటి పోస్టింగు మిర్యాలగూడ. అక్కడ నా పై ఆఫీసరు లతీఫ్ సారు. బక్కపలచటి మనిషి, ఎండాకాలం వానాకాలం అని లేకుండా చేతిలో గొడుగు. ఆడపిల్లవు, ఎండకు పడిపోతవు అని మొదట్లో నన్ను ఆఫీసు దాటనివ్వలేదు. ఇంజనీర్లంటే ఆయనకు గిట్టదు. ఒకసారి ఒక మాట అనేశాక దాన్ని మార్చుకునే రకం కాదు. అంత మంచి బాసేం కాదు. అయినా ఈ పనిలో నాకు తెలిసిందంతా ఆయన దగ్గర తెలిసిందే.

రైస్ మిల్లుల వైపు ఒక రోడ్డు వెడల్పు చేయాల్సి వచ్చింది. ఉడికిన వడ్ల వాసన ఆ రోడ్డు పొడుగునా ఉండేది, ఇప్పటికీ ఎక్కడ ఆ వాసన తగిలినా నా కాళ్ళు నెమ్మదిస్తాయి. నేను రాత్రీ పగలూ కూర్చుని గీసిన పటాన్ని ఆయన విప్పనైనా లేదు. మనుషుల్ని పిలిచి, రోడ్డు ఎంతవరకు వస్తుందో అంతవరకు సున్నంతో ముగ్గు పోయించాడు. మా పనిలో ముగ్గు పోయడం అంటే అదే, కట్టబోయేది ఎక్కడ వస్తుందో నేల మీద గీత పోయడం. ఇంటి పునాదికి మేస్త్రీలు పోసేదీ ఇదే. తర్వాత నన్ను ఇంటికి పొమ్మన్నాడు.

"మరి పటం సార్?" అన్నాను.

"పటం ఏడికి పోతది? ముగ్గు పోసినం గద. జర ఆగు. దానికి జవాబు జనమే చెప్తరు."

కొన్నాళ్ళయ్యాక ఇద్దరం వెళ్ళి చూశాం. గీత చాలా చోట్ల తెల్లగానే ఉంది. ఒక మిల్లు గేటు ముందు మాత్రం ఆనవాలు కూడా లేదు. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు నీళ్ళ కోసం ఎదురుగా ఉన్న నల్లా దగ్గరికి దాటేది అక్కడే. నా పటంలో అక్కడ ఇనుప రెయిలింగు ఉంది. ఆయన గొడుగు కొనతో నేల మీద తట్టాడు.

"ముగ్గు చెరిగిన కాడ మనుషులున్నరు బేటీ. చెరగని కాడ మన పటమే ఉన్నది. మనుషుల దిక్కు సూడకు. ఆఫీసర్ రాంగనే వాళ్ళు సర్దుకుంటరు. ముగ్గు సర్దుకోదు."

ఆ రెయిలింగు తీసేశాం. ఆ తర్వాత కోదాడలో పనిచేసినప్పుడు ఒక ఫుట్‌పాత్ విషయంలో ఇదే చేశాను. వాన వచ్చి కడిగేదాకా ఆ గీత పోసింది పోసినట్టే ఉంది. అక్కడ ఫుట్‌పాత్ దండగ అని రాశాను, పైవాళ్ళు విసుక్కున్నారు, చివరికి దాన్ని బడి ఉన్న రోడ్డుకు మార్చారు. ఇలా ఏ ఊళ్ళో అయినా నేను ముగ్గునే నమ్ముకున్నాను. సూర్యాపేట వచ్చేదాకా అది నన్ను మోసం చేయలేదు.

ఎడారి ఊరి ఫోటోలు

సూర్యాపేటకు వచ్చేసరికి నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. అప్పటి మా కమిషనర్ రాఘవరావు గారు చురుకైన మనిషి, వయసులో నాకంటే చాలా చిన్న. ఆయన ఏదో ట్రైనింగు మీద ఒక ఎడారి దేశానికి వెళ్ళొచ్చారు. వచ్చీరాగానే మమ్మల్నందర్నీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి ఫోటోలు చూపించారు. చుట్టూ ఇసుక, మధ్యలో మన సూర్యాపేటంత ఊరు, ఊరి నడిబొడ్డున రోడ్డు మీదే పట్టాలు, వాటి మీద తెల్లటి చిన్న రైలు. ట్రాము.

"అక్కడ ఇసుక, ఇక్కడ రాయి. ఎండ మాత్రం ఒకటే," అన్నారాయన. "వాళ్ళకంటే మనకేం తక్కువ? బస్టాండు నుంచి ఆస్పత్రి మలుపు, మార్కెట్ యార్డు మీదుగా కలెక్టరేట్ దాకా. సుగుణ గారూ, ఆలోచించండి."

ఆలోచించడం కాదు, నేను అప్పటికే ఎక్కేశాను. నా చిన్నప్పుడు నాన్న మేళ్లచెరువులో సున్నపురాయి గని దగ్గర పనిచేసేవాడు. ఆదివారం చర్చి అయ్యాక నన్ను గని అంచు దాకా తీసుకెళ్ళేవాడు. కింద లోతులో సన్నటి పట్టాల మీద రాయి నింపిన తొట్లు ఒకదాని వెనక ఒకటి కదిలేవి. తెల్లటి దుమ్ములో చప్పుడు ముందు వచ్చేది, తొట్లు తర్వాత కనపడేవి. అవి మలుపు తిరిగి ఎక్కడికి పోతాయని అడిగితే నాన్న నవ్వి ఊరుకునేవాడు. చాలా ఏళ్ళపాటు అవి ఏదో మంచి ఊరికి పోతాయనే నేను నమ్మాను. ఆ తెల్ల ట్రామును తెర మీద చూడగానే, ఇన్నాళ్ళకు ఆ తొట్లు మలుపు తిరిగి ఇటు వచ్చాయనిపించింది.

వార్త ఊళ్ళో పాకింది. మా ఊరికి రైలు లేదని అందరూ ఎగతాళి చేస్తారు, కనీసం ట్రామన్నా తెద్దామని కొందరు. బట్టల షాపులవాళ్ళు బండ్లు ఎక్కడ ఆపుకోవాలని కొందరు. అందరికంటే గట్టిగా ఎదురు తిరిగింది ఆటోవాళ్ళ నాయకుడు జానయ్య. నేరుగా నా టేబుల్ దగ్గరికే వచ్చాడు.

"మేడం, మీ ట్రాము వస్తే మేమేడికి పోవాలె? ఆటోలను గూడ పట్టాల మీద పెట్టి నడుపుమంటరా?"

"ఇంకా ఏదీ తేలలేదు జానయ్యా."

"తేలినంక మమ్మల్ని అడుగుతరా ఎవరన్నా? ఇప్పుడే చెప్తున్న, మా పొట్ట కొట్టకుండ్రి."

అతను అన్నదాంట్లో తప్పేం లేదు. పొద్దున లెక్కలు ముందేసుకుంటే ఈ ఊరికి ట్రాము వద్దనిపించేది. రోడ్డు సన్నం. పట్టాలు పడితే రెండు వైపులా చిన్న కొట్లన్నీ లేవాలి. అంత చేసినా అది ఇరుకులో ఇరుక్కుని ఆటోల వెనకే పాకుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి కిటికీ దగ్గర కూర్చుంటే మాత్రం, రోడ్డు మీద ఎండ అలలుగా లేస్తుంటే, ఆ అలల్లోంచి ట్రాము గంట వినపడేది. ఇలా రోజులు గడిచాయి. చివరికి కమిషనర్ గారు కౌన్సిల్ మీటింగు పెట్టించి, ఆ రోజు అభిప్రాయం చెప్పాల్సింది మీరే అన్నారు. లతీఫ్ సారు పద్ధతి ఆయనకు వివరించి, జనానికి అర్థం కావాలంటే ముందు దారి పొడుగునా ముగ్గు పోయిద్దామని నేనే అన్నాను. మచ్చుకు ఒక స్టాపు కూడా చూపిద్దామని మార్కెట్ దాటాక మలుపు దగ్గర చలువ పందిరి వేయించారాయన.

యాదమ్మ

మార్కెట్ గేటు పక్కన గోడ నీడలో యాదమ్మ జొన్నరొట్టెలు చేసేది. పెన్‌పహాడ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. భర్త లేడు, ఆ పొయ్యే ఆధారం. హమాలీలు, వడ్లు తెచ్చిన రైతులు ఆమె దగ్గరే తినేవాళ్ళు. పొద్దున, సాయంత్రం బేరం, మధ్యాహ్నం ఇంటికి పోయేది. మావాళ్ళు ముగ్గు పోస్తూ గేటు ముందుకు వచ్చినప్పుడు, చేతిలో రొట్టె తడుతూనే అడిగింది.

"ఇదేంది మేడం?"

చెప్పాను. రైలులాంటిదే, కానీ ఊళ్ళోనే తిరుగుతుంది, మెట్టు కిందికి ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా ఎక్కొచ్చు అని.

"మిర్యాలగూడ పోతే రైలు కనవడ్తది గని, నేనెన్నడు ఎక్కలే," అంది. చేతిలో రొట్టె ఆగింది. "ఏడ ఆగుతది?"

"అదిగో, ఆ పందిరి దగ్గర."

"గాడ జనం నిలవడ్తరా?"

"వచ్చేదాకా నిలబడాలి కదా," అన్నాను. మాట వరసకు అన్న మాట అది.

తర్వాత నేను అటు వెళ్ళేసరికి పొయ్యి గేటు దగ్గర లేదు. పందిరి కిందికి మారింది. గేటు పక్కన గోడ నీడలోకి అప్పుడే ఒక మిర్చి బజ్జీల బండి వచ్చి కూర్చుంది. మార్కెట్ గేటు దగ్గర చోటు ఖాళీ అయితే ఒక్క పూట కూడా ఖాళీగా ఉండదు.

"ఏం పని చేశావ్ యాదమ్మా? ఇంకా ఏదీ ఖాయం కాలేదు. మీటింగులో వద్దంటే ఈ పందిరి పీకేస్తారు. అప్పుడు ఇదీ పోయి, అదీ పోయి ఎక్కడ కూర్చుంటావ్?"

ఆమె నావైపు జాలిగా చూసింది.

"ఎందుకు వద్దంటరు మేడం? ముగ్గు పోసిన్రు గద. ముగ్గు పోసినంక ఇల్లు కట్టకుంట ఎవలన్న ఉంటరా?"

ముగ్గు పోసి, కొబ్బరికాయ కొట్టాక ఇల్లు ఆపడం మన దగ్గర ఎవరూ చేయరు. మేం పోసే గీతలు మాత్రం సగానికి సగం అక్కడే ఆగిపోతాయి. ఆ తేడా మా ఆఫీసు లోపల ఉన్నవాళ్ళకే తెలుసు. యాదమ్మకు తెలియకపోవడంలో ఆమె తప్పేముంది. నేను అక్కణ్ణుంచి వచ్చేశాను.

చెరగని గీత

మీటింగుకు ముందు రోజు మధ్యాహ్నం గొడుగు పట్టుకుని దారంతా నడిచాను. ఎండకు రోడ్డు మీద పురుగు లేదు. లతీఫ్ సారు చెప్పినట్టు మనుషుల కోసం వెతకలేదు, నేలనే చూసుకుంటూ పోయాను. బస్టాండు ముందు ముగ్గు లేదు. ఆస్పత్రి మలుపులో లేదు. పందిరి దగ్గరికి వచ్చేసరికి రెండు గీతలూ ఇప్పుడే పోసినట్టు తెల్లగా మెరుస్తున్నాయి.

పందిరి కింద ఎవరూ లేరు, పొయ్యి చల్లారి ఉంది. జవాబు వచ్చేసిందనుకున్నాను. ట్రాము ఎలాగూ వద్దు. ఈ స్టాపు దగ్గర జనమే లేరు కాబట్టి పందిరీ అక్కర్లేదు. యాదమ్మ సంగతి తలుచుకుంటే బాధేసింది, కానీ ముగ్గు అబద్ధం చెప్పదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

మీటింగు రోజు కోదాడ నుంచి మొదటి బస్సుకే బయల్దేరాను. నిద్ర పట్టక లేచాను కాబట్టి అంత పొద్దున్నే వెళ్ళాను గానీ, దానికి వేరే కారణం లేదు. మార్కెట్ దగ్గర దిగి నడుస్తుంటే ఇంకా మసక చీకటి. పందిరి ముందు ఎవరో వంగి ఉన్నారు. దగ్గరికి వెళ్తే యాదమ్మ. ఎడమచేతిలో ముగ్గుపిండి గిన్నె. కుడిచేతి వేళ్ళ సందుల్లోంచి పిండి జారవిడుస్తూ, వాకిట్లో ముగ్గేసినంత శ్రద్ధగా, రెండు గీతలూ మళ్ళీ పోస్తోంది. గీతలు ఉండాల్సిన చోట నేలంతా చెప్పుల అచ్చులే.

"ఇదేంటి యాదమ్మా?"

"రోజు పోస్త మేడం, పొద్దుగాల ఒకసారి, మధ్యాన్నం ఇంటికి పోంగ ఒకసారి. జనం తొక్కి తొక్కి పొద్దుగూకేవరకు సగం పోతది, తెల్లారెవరకు ఉన్నది గూడ పోతది. ఎన్నడొస్తదో తెల్వకపాయె. అది వచ్చిన్నాడు గీతలు కనవడకుంటే, ఆగకుండ పోతది గద."

ఇన్నేళ్ళు నమ్ముకున్న ముగ్గు నాకు ఉల్టా చెప్పింది. చెప్పింది ముగ్గు కాదు, ఆమె చెయ్యి. తలెత్తి చూస్తే పందిరి కింద బెంచీ మీద అప్పుడే జనం ఉన్నారు. కూరగాయల గంపలతో ఆడవాళ్ళు, ఆస్పత్రికి పోయే ముసలాయన. ఇంతలో ఒక ఆటో వచ్చి సరిగ్గా గీత పక్కన ఆగింది. నడుపుతున్నది జానయ్య. నన్ను చూసి కొంచెం తడబడ్డాడు.

"నువ్విక్కడేంది జానయ్యా? ట్రాము స్టాపు కదా ఇది."

"నీడ ఉన్నది, జనం ఈడనే నిలవడ్తున్నరు," అన్నాడు నవ్వి. "మరి నేనేడ ఆగాలె మేడం?"

ఆటో వెళ్ళిపోయింది. ఇక ఆమెకు చెప్పకుండా మీటింగుకు పోవడం నాకు మనస్కరించలేదు. రేపు ఎవరో చెప్తే వినడం కంటే నేను చెప్పడమే మేలు.

"యాదమ్మా, ట్రాము వద్దని ఈరోజు మీటింగులో చెప్పబోతున్నా."

ఆమె చెయ్యి ఆగింది. "ఎవలు, మీరేనా?"

"నేనే."

"మీకిష్టం లేదా?"

"చాలా ఇష్టం. నీకంటే ఎక్కువ ఇష్టం. కానీ ఈ రోడ్డులో అది పట్టదు. దానికోసం ఈ రెండు వైపులా ఉన్నవాళ్ళందర్నీ లేపాలి."

ఆమె మళ్ళీ వంగి, మిగిలిన గీతను పందిరి చివరిదాకా పోసింది. గిన్నె బోర్లించి దులిపింది.

"మీటింగుల ఇంకా చెప్పలే గద," అంది.

నేను వద్దన్న రోజు

మీటింగు హాల్లో లేచి, ఈ ఊరికి ట్రాము వద్దని చెప్పాను. కారణాలు ఒక్కొక్కటిగా చెప్పాను. కమిషనర్ గారి ముఖం చూడలేకపోయాను. ఆ ఫోటోలు చూసిన రోజు ఆయన కళ్ళల్లో ఉన్నదే నా కళ్ళల్లోనూ ఉందని ఆయనకు తెలుసు. ఉద్యోగంలో చెడ్డ ఆలోచనలకు వద్దని చెప్పడం పెద్ద విషయం కాదు. మనకు ప్రాణమైనదానికి, నలుగురి ముందు మన నోటితోనే వద్దని చెప్పాల్సిన రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు మాట మార్చకండి.

"కానీ పందిరి ఉంచాలి," అన్నాను. "ముగ్గు చెరిగిన చోటల్లా ఇంకో పందిరి వేయాలి. ఆటోలు అక్కడే ఆగాలి, ఎక్కడంటే అక్కడ కాదు. ట్రాము చేసే పనిలో మనకు చేతనైంది ఇదే."

కమిషనర్ గారు తలెత్తారు. "మార్కెట్ పందిరి దగ్గర ముగ్గు చెక్కుచెదరలేదు కదా. నేనూ నిన్న చూశాను. మీ పద్ధతి ప్రకారమే అక్కడ జనం లేరు."

"రోజూ చెరుగుతోంది సార్. రోజూ పోస్తున్నారు."

"ఎవరు?"

చెప్పాను. గీతలు లేకపోతే ట్రాము ఆగకుండా పోతుందేమోనని పోస్తోందని కూడా చెప్పాను. వెనక వరసలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. కమిషనర్ గారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత పందిరి ఉండనివ్వండి అన్నారు. ట్రాము గురించి ఆయన మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు, నాతో మాత్రం అంతకుముందు లాగే మాట్లాడారు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.

వద్దనడం సరైన మాటే అని ఇప్పటికీ అనుకుంటాను. కాకపోతే మధ్యాహ్నం పూట మాత్రం అంత గట్టిగా అనుకోలేను.

లతీఫ్ సారు ఉండి ఉంటే ఆయనకు ఒక మాట చెప్పేదాన్ని. ముగ్గును చూడాలి, సరే. దాన్ని ఎవరైనా మళ్ళీ పోస్తున్నారేమో కూడా చూడాలి. అందుకు మధ్యాహ్నం వెళ్తే లాభం లేదు. వాకిళ్ళు ఊడ్చే వేళకు వెళ్ళాలి. పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇదే.

ఈమధ్య కంటి పరీక్షకు సూర్యాపేట వెళ్ళాను. బస్టాండులో దిగగానే ఒక కుర్ర డ్రైవరు "ట్రాం, ట్రాం, ట్రాం" అని అరుస్తున్నాడు. ఏమిటని అడిగితే, "ట్రాం స్టాప్ మేడం, మార్కెట్ అవతల. ఒక్కలే తక్కువున్నరు, కూసోండ్రి," అన్నాడు. ఆ పేరు ఎలా వచ్చిందని అడిగాను. ముందునుంచి గదే పేరు అన్నాడు. నేను ఎక్కి కూర్చున్నాను.

పందిరి పోయి రేకుల షెడ్డు వచ్చింది. కింద అదే పొయ్యి, అదే యాదమ్మ, జుట్టు పూర్తిగా నెరిసింది. రొట్టెలో పచ్చిమిరపకాయల పచ్చడి పెట్టి చేతికిచ్చింది, ఏం చెప్పినా పైసలు తీసుకోలేదు. షెడ్డు ముందు నేల మీద రెండు గీతలు, పొద్దున పోసినవి.

"ఇంకా పోస్తున్నావా యాదమ్మా? నేను ఆనాడే వద్దన్నాను కదా."

"మీరు వద్దంటిరి," అంది, ఇంకో రొట్టె తడుతూ. "నేను వద్దనలే గద."

రొట్టె తిని, నీళ్ళు తాగి, ఆమె పొయ్యి ఆర్పి ఇంటికి బయల్దేరే వేళకు వెళ్ళొస్తానని లేచాను. కోదాడ బస్సు కోసం అవతలి వైపుకు పోవాలి. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మొత్తం ఖాళీ. ఆ గీతల దగ్గర ఆగి, ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసి, అప్పుడు దాటాను.